తుప్పుబెల్లు ఆచూకీ

మార్చి 3, సోమవారం

తుప్పుబెల్లు ఈ రోజుతో చచ్చిపోయాడు. నేనే చంపేశాను. ఇకమీదట కడుపులో ఎంత మంట పుట్టినా ఈ నోటుబుక్కులో రాసుకుంటాను తప్ప, ఆటగాళ్ల అభిప్రాయాల పేజీలో ఒక్క ముక్క రాయను. పగలంతా కంపెనీ జీతం తిని, సాయంత్రం బస్సులో కూర్చుని తుప్పుబెల్లు అనే దొంగపేరుతో ఆ కంపెనీ ఆటనే తిట్టడం పెద్దమనిషి చేసే పని కాదని మా ఆవిడ అంది. ఆవిడ ల్యాబులో రక్తం తీసే ఉద్యోగం చేస్తుంది. ఎక్కడ గుచ్చాలో ఆవిడకు తెలుసు.

నిజానికి తప్పు నాది కాదు, నా ఉద్యోగానిది. మా ఆట పేరు 'ఉత్తరాల ఊరు'. ఒక పోస్ట్‌మాన్ సైకిలు మీద ఇంటింటికీ తిరిగి ఉత్తరాలు ఇస్తాడు, అంతే. దాని మీద రోజుకు నాలుగువందల అభిప్రాయాలు వస్తాయి. అవి చదివి శుక్రవారం మీటింగుకు రెండు పేజీల రిపోర్టు తయారుచేయడం నా పని. ఆరేళ్లుగా ఇదే. రిపోర్టులో 'తిట్టు' అనే మాట రాకూడదు, 'సూచన' అనాలి. ఈ నియమం ఎవరూ పెట్టలేదు, నేనే పెట్టుకున్నాను. "మీ ఆఫీసు మీద పిడుగు పడ" అని ఒకాయన రాస్తే, "ఆటలో వాతావరణ మార్పులు ఉంటే బాగుంటుందని ఒక సూచన" అని రాశాను. తరవాతి నెల ఆటలో వాన వచ్చింది. ఆయన వానను కూడా తిట్టాడు.

మార్చి 4, మంగళవారం

ఏమీ రాయలేదు. మనసు ఎంత తేలిగ్గా ఉందో!

మార్చి 5, బుధవారం

ఒక్కటి రాశాను. చిన్నదే. రెండు పేజీలు.

రాయక ఛస్తానా? ఈ రోజు మీటింగులో ఆట రాబడి పెంచే పని చూసే గ్రోత్ మేడమ్ కొత్త పథకం చూపించారు. పదిళ్లకు ఉత్తరాలు ఇవ్వగానే పోస్ట్‌మాన్‌కు కాళ్లు పీకుతాయట. కల్వర్టు మీద నాలుగు గంటలు కూర్చుంటాడట. అంతసేపు ఆగలేనివాళ్లు డబ్బు కట్టి వాణ్ణి లేపుకోవచ్చట. ఆఫీసులో దీన్ని 'మోకాలు' అంటున్నారు. ఈ రోజుల్లో అందరూ ఇదే చేస్తున్నారని మేడమ్ అన్నారు. ఆట సగం వండి వదలడం, మిగతా సగం నెలకొక ముక్క చొప్పున అమ్మడం, లోపల ఏముందో తెలియని డబ్బాలు అమ్మడం, ఒక్కరోజు ఆడకపోతే నెలరోజుల బహుమతులు లాగేసుకోవడం, ఇవన్నీ అందరూ చేస్తున్నవే. ఆ 'అందరూ' అనేవాళ్లు ఎక్కడుంటారో నాకు ఒకసారి చూడాలని ఉంది.

మీటింగులో నేనేమన్నాను? "ఆసక్తికరంగా ఉంది మేడమ్" అన్నాను.

బస్సులో మాత్రం తుప్పుబెల్లు లేచి కూర్చున్నాడు. "ఈ మోకాలు ఆటగాళ్ల నెత్తిన పెడుతున్న కాలు" అని మొదలుపెట్టి, మన పరిశ్రమ ఎటు పోతోందో కడిగి ఆరేశాను. రాసింది నేనే అయినా చదువుతుంటే ఒళ్లు పులకరించింది. ఇదే ఆఖరుది.

మార్చి 6, గురువారం

మూడువందల పన్నెండు మంది మెచ్చుకున్నారు. పదిమంది దాకా మాత్రం "మోకాలా? అదెక్కడుంది ఆటలో?" అని అడిగారు.

టిఫిన్ డబ్బా మూత తీస్తుండగా గుర్తొచ్చింది. మోకాలు ఆటలోకి వచ్చేది వచ్చే సోమవారం. బయటివాళ్లెవరికీ తెలియదు. ఆ పేరు కూడా ఆఫీసులో పెట్టుకున్నదే, బయటికి వెళ్లేటప్పుడు దాని పేరు 'విశ్రాంతి వేళ'. ఇంకా పుట్టని బిడ్డ ముక్కు వంకరగా ఉందని రాసినట్టయింది నా పని.

డబ్బా మళ్లీ మూసేశాను. వెంటనే చెరిపెయ్యాలనుకున్నాను. కానీ మూడువందల పన్నెండు మంది మెచ్చుకున్నదాన్ని చెరిపేస్తే వాళ్లను అవమానించినట్టు కాదూ?

మార్చి 7, శుక్రవారం

మీటింగులో నా రిపోర్టు ఎవరూ అడగలేదు. గ్రోత్ మేడమ్ తెర మీద తుప్పుబెల్లు అభిప్రాయం పెట్టారు. అంత పెద్ద అక్షరాల్లో చూస్తే రెండుచోట్ల వాక్యం ఇంకా బాగా రాయాల్సిందనిపించింది.

"మనలో ఎవరో బయటికి చెబుతున్నారు. లేదా ఈ తుప్పుబెల్లు మనలోనే ఉన్నాడు" అన్నారు మేడమ్.

నేను వెంటనే, "నేను కాదు" అన్నాను. అప్పటికి ఎవరూ నన్నేమీ అనలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే ఏమిటో ఇన్నేళ్లకు తెలిసింది. అదృష్టం కొద్దీ అందరూ నవ్వారు. నన్నెవరూ అంత లెక్కలోకి తీసుకోరు.

మా బాస్ మాత్రం నవ్వలేదు. తొమ్మిదేళ్ల కింద ఈ ఆటను ఒంటిచేత్తో తయారుచేసిన మనిషాయన. ఆలోచిస్తున్నంతసేపూ స్టేప్లర్ తిప్పుతుంటారు. తిప్పి తిప్పి, "మనవాడైతే పట్టుబడిన రోజే ఆఖరి రోజు, గోడ మీది నోటీసులో ఉందిగా. కానీ బయటివాడైతే? ఎవరూ చెప్పకుండానే రేపు మనం ఏం చెయ్యబోతున్నామో ఊహించాడంటే వాడు మామూలు మనిషి కాదు. అట్లాంటివాణ్ణి సలహాదారుగా పెట్టుకోవాలి" అన్నారు. తరవాత నా వైపు తిరిగారు. "ఏమయ్యా, అభిప్రాయాలన్నీ నీ దగ్గరే ఉంటాయిగా. ఎవడో పట్టుకో."

దొంగ చేతికే తాళాలిచ్చారు. తల ఊపాను.

మా ఆవిడతో చెబితే, "సోమవారం వెళ్లి మీరే చెప్పెయ్యండి. సూది గుచ్చేటప్పుడు ముందే చెబితే నొప్పి తక్కువ" అంది. అట్లాగే చెబుతాను. సోమవారం తప్పకుండా.

మార్చి 10, సోమవారం

చెప్పలేదు. ఈ రోజు మోకాలు వచ్చిన రోజు, అందరూ హడావిడిగా ఉన్నారు.

ఒక్కరోజులో పదకొండువందల అభిప్రాయాలు. మూడువేల గంటలు ఆడినాయన "చెత్త ఆట, ఎవరూ దగ్గరికి పోవద్దు" అని రాసి, మళ్లీ వెళ్లి కల్వర్టు దగ్గర కూర్చున్నాడు. ఇంకొకాయన తన చిన్నప్పటి ఆటలు ఇట్లా ఉండేవి కావంటాడు. చూస్తే ఆయన వయసు పంతొమ్మిది.

ఇంటికి వస్తే అత్తగారు సోఫాలో కూర్చుని ఫోను వైపు కళ్లప్పగించి చూస్తున్నారు. అత్తగారు ముప్ఫై ఒక్క ఏళ్లు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. నిరుడు నేనే ఆవిడకు ఈ ఆట నేర్పాను. ఇప్పుడు ఆ ఊళ్లో ఏ ఇంటి కుక్క కరుస్తుందో నాకంటే ఆవిడకే బాగా తెలుసు.

"అల్లుడుగారూ, వీడు లేవడేం?" అన్నారు.

"నాలుగు గంటలు కూర్చుంటాడు అత్తయ్యా. డబ్బు కడితే లేస్తాడు."

"ఆ డబ్బు వాడికి వెళ్తుందా?"

"లేదండీ, మా కంపెనీకి."

ఆవిడ ఫోను పక్కన పెట్టేశారు. అంతకంటే తిట్టి ఉంటే బాగుండేది.

మార్చి 12, బుధవారం

నిన్న కంపెనీ తరపున తుప్పుబెల్లుకు ఉత్తరం రాశాను. "మీ దూరదృష్టికి మా సంస్థ ముగ్ధమైంది. ఒకసారి మా కార్యాలయానికి రాగలరు." బస్సులో జవాబు రాశాను. "మీ కార్యాలయానికి వచ్చేంత తీరిక నాకు లేదు."

ఈ ఉదయం ఆఫీసులో ఆ జవాబు చదివితే ఒళ్లు మండింది. పిలిచిన పాపానికి ఇంత పొగరా! మర్యాద తెలిసినవాడెవడైనా ఇట్లా రాస్తాడా? బాస్ చదివి, "చూశావా, నిజమైన ప్రతిభ పిలవగానే రాదు. ఇంకొంచెం బతిమాలు" అన్నారు. సాయంత్రానికి మళ్లీ బతిమాలాను. నన్ను నేను.

మార్చి 13, గురువారం

చెప్పలేదు.

మార్చి 14, శుక్రవారం

రిపోర్టులో మోకాలి గురించి ఏం రాయాలో తెలియక గంటసేపు కూర్చున్నాను. "మీ మోకాళ్లు విరగ" అనే అభిప్రాయం ఒక్కటే రెండువందల ఆరుసార్లు వచ్చింది. "కొత్త మార్పు ఆటగాళ్ల మనసులో బలంగా నాటుకుంది" అని రాశాను.

మీటింగు చివర గ్రోత్ మేడమ్ అన్నారు: "మంగళవారం దాకా చూద్దాం. ఆయన రాకపోతే ఆ అభిప్రాయాలు ఏ ఫోను నుంచి వచ్చాయో సర్వర్లు చూసేవాళ్లతో తీయిస్తాను. అరగంట పని."

నా ఫోను జేబులోనే ఉంది. బరువుగా అనిపించింది. ఈ వయసులో నాకు ఇంకెవరు ఉద్యోగమిస్తారు? తిట్లు కడిగి తెల్లగా ఆరేసే పనికి బయట ఖాళీలు ఉన్నాయో లేవో కూడా తెలియదు. భయంగా ఉంది. ఇన్నాళ్లూ భయం లేదని రాయలేదు కానీ, ఉందని కూడా రాయలేదు.

మార్చి 15, శనివారం

అత్తగారి కాళ్లావేళ్లా పడ్డాను. మంగళవారం ఒక్క గంట తుప్పుబెల్లుగా వచ్చి కూర్చుంటే చాలు, నా ఉద్యోగం నిలబడుతుంది.

మా ఆవిడ వంటింట్లోంచి, "అమ్మని లాగకండి మధ్యలోకి" అంది.

అత్తగారు కళ్లజోడు పైకి తోసుకున్నారు. "వస్తాను. కానీ నాకనిపించింది నేను చెప్తాను."

"మీ ఇష్టం అత్తయ్యా."

ఎంత మంచి మనిషి! అల్లుడంటే ప్రాణం.

మార్చి 16, ఆదివారం

తుప్పుబెల్లు రాసిన రెండువందల పద్నాలుగు అభిప్రాయాలూ ఆవిడతో చదివించాను. ప్రతి పేజీకీ ఒకసారి నన్ను ఎగాదిగా చూశారు.

"ఇవన్నీ మీరే? ఇంట్లో కూర చప్పగా ఉంటే ఉప్పు అడగడానికి కూడా నోరు రాదు కదా మీకు!"

"రాసేటప్పుడు వస్తుందండీ."

"ఎవరూ చూడకపోతే వస్తుందనండి."

పరిశ్రమ పోకడల గురించి అడిగితే ఏం చెప్పాలో కూడా నేర్పాను. మూడోసారి చెబుతుండగా కునికారు. లేచాక, మొన్న ఆటలో ఎవడో తనను "ముసలమ్మలు వెళ్లి పడుకోండి" అన్నాడనీ, "నువ్వు ముందు టికెట్ తియ్యి నాయనా" అని జవాబు పెట్టాననీ చెప్పారు. ఆ జవాబుకు తొమ్మిదివందల మంది మెచ్చుకున్నారట. నాకు మూడువందల పన్నెండే.

మార్చి 17, సోమవారం

అంతా సవ్యంగా జరుగుతుంది.

మార్చి 18, మంగళవారం

ఎక్కడ మొదలుపెట్టాలి?

పదకొండు గంటలకు అత్తగారు వచ్చారు. మా ఆఫీసు టైర్ల కొట్టు పైన రెండో అంతస్తులో ఉంది. మెట్లెక్కి రావడానికి ఆవిడకు పది నిమిషాలు పట్టింది. మధ్యలో రెండుసార్లు గోడ పట్టుకుని ఆగారు. సాయం చేద్దామంటే నేను ఆవిడను ఎరగనట్టు ఉండాలి. ఎరగనట్టే ఉన్నాను.

బాస్ లేచి నిలబడి నమస్కారం పెట్టారు. "మీరా అమ్మా తుప్పుబెల్లు! నేనెవరో కుర్రాడనుకున్నాను."

"ముందు కూర్చోనివ్వండి" అన్నారు అత్తగారు. కూర్చుని, రెండు చేతులతో మోకాళ్లు నొక్కుకున్నారు.

గ్రోత్ మేడమ్ మొదలుపెట్టారు. "మోకాలు వస్తుందని మీకు ముందే ఎట్లా తెలుసు?"

"మోకాలి సంగతి నాకు ముప్ఫై ఒక్క ఏళ్లుగా తెలుసమ్మా. రోజుకు ఎనిమిది గంటలు కదిలే బస్సులో నిలబడ్డాను." ఆవిడ బాస్ వైపు తిరిగారు. "మీ పోస్ట్‌మాన్‌కి కాళ్లు పీకడంలో తప్పేం లేదు బాబూ. తిరిగేవాడికి పీకవూ? వాణ్ణి కూర్చోబెట్టిన మొదటిరోజు నాకు సంతోషమే వేసింది. బస్సు ఆఖరి స్టాపు చేరాక మాకు పది నిమిషాలిచ్చేవాళ్లు. ఆ పది నిమిషాలూ నావి. చెప్పులిప్పి సీటు మీద కాళ్లు చాపుకునేదాన్ని. మీరేమో ఆ కూర్చోవడానికే ధర కట్టారు. డబ్బు పారేస్తే వాడు నొప్పి కాళ్లతోనే లేచి పరిగెత్తాలి. అది నేను చూడలేకపోతున్నాను."

నేను రెండువందల పద్నాలుగుసార్లు రాశాను. ఈ మాట ఒక్కసారి కూడా రాయలేదు. నాకు తట్టనే లేదు.

బాస్ స్టేప్లర్ పక్కన పెట్టేశారు. "అమ్మా, మీరు రాసిన వాటన్నింటికంటే ఇప్పుడు చెప్పింది బాగుంది."

"అవి నేను రాయలేదు" అన్నారు అత్తగారు. "ఆయన రాశారు." నావైపు వేలు చూపించారు. "మా అల్లుడుగారు. నాకనిపించింది చెప్తానని ముందే అన్నాను, కదండీ? ముప్ఫై ఒక్క ఏళ్లలో టికెట్ లేకుండా ఒక్కణ్ణి తీసుకెళ్లలేదు. ఇప్పుడు అల్లుడని తీసుకెళ్లమంటే ఎట్లా?"

నేల చీలితే బాగుండుననుకున్నాను. కింద టైర్ల కొట్టు ఉంది కనక పెద్దగా దెబ్బ కూడా తగిలేది కాదు.

బాస్ నా మీద అరుస్తారనుకున్నాను. గ్రోత్ మేడమ్ మాట్లాడారు, అదీ నెమ్మదిగా. ఫైలు తెరిచి చూపించారు. "పోయిన జూన్ రిపోర్టు, రెండో పేజీ. 'కాస్త ఆగి ఊపిరి తీసుకునే వీలుంటే బాగుంటుందని ఆటగాళ్ల సూచన.' మీరు రాసిందే. నేను మోకాలు మొదలుపెట్టింది దీన్ని చూసే. అసలు వాళ్లేం రాశారు?"

నాకు గుర్తుంది. "అప్‌డేట్లు ఆపండ్రా బాబూ, ఊపిరాడట్లేదు" అని రాశారు. చెప్పాను.

"రెండేళ్లుగా ఆటగాళ్లకు నేను చేసేవి నచ్చుతున్నాయనుకున్నాను" అన్నారావిడ. ఫైలు మూసేశారు. ఆవిడ ముఖం చూడలేకపోయాను. ఎవడో కంపెనీని పాడుచేస్తున్నాడని ఆరేళ్లు బస్సులో కూర్చుని రాశాను. మోకాలు పెట్టింది నేను.

బాస్ అన్నారు: "నోటీసు ప్రకారం నిన్నిప్పుడే పంపెయ్యాలి. దొంగపేరుతో రాసినందుకు కాదయ్యా. అక్కడ రాసింది ఇక్కడ చెప్పనందుకు. నీకు జీతమిచ్చేదే అది చెప్పడానికి. శుక్రవారం రిపోర్టు పట్టుకుని రా. అది విన్నాక చెప్తాను, ఉంటావో పోతావో."

తిరిగి వచ్చేటప్పుడు మెట్ల మీద అత్తగారి చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ పట్టుకోనిచ్చారు.

మార్చి 19, బుధవారం

"ఆటగాళ్లు మొత్తం మీద సంతృప్తిగా ఉన్నారు." కొట్టేశాను.

మార్చి 20, గురువారం

"కొందరు ఆటగాళ్లు కొన్ని విషయాల్లో కొంత." కొట్టేశాను.

ఆరేళ్ల అలవాటు, చెయ్యి మాట వినడం లేదు. మా ఆవిడ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఒక్కొక్కటీ పైకి చదవండి, నేను రాస్తాను" అంది. చదివాను. "మీ మోకాళ్లు విరగ" దగ్గర ఆగాను. "ఇదొక్కటి మారుద్దామా?" అన్నాను. "రక్తంలో ఉన్నది రిపోర్టులో రాయాలి. మీకు బాధేస్తుందని నేను షుగరు తగ్గించి రాయను" అంది. మొత్తం పదిహేడు పేజీలయింది.

మార్చి 21, శుక్రవారం

చదివాను. బల్ల పట్టుకుని చదివాను. డబ్బాల అమ్మకం మీద వచ్చినవీ, పనిచేయని అప్‌డేట్ల మీద వచ్చినవీ, ఆడవాళ్లు గొంతు విప్పగానే ఆటలోంచి తరిమేసేవాళ్ల గురించి ఒకమ్మాయి రాసిన మూడు పేరాలూ, బాస్‌నూ మేడమ్‌నూ అన్నవీ, ఏకవచనాలతో సహా. ఒకచోట బాస్ చెవులు ఎర్రబడ్డాయి. నేను ఆగితే, "ఆగకు" అన్నారు.

ఆఖరి అభిప్రాయం నాది. "ఈ కంపెనీలో అభిప్రాయాలు చదివే మనిషి ఆరేళ్లుగా పిరికితనంతో అబద్ధాలు రాశాడు. నమ్మి పనిచేసినవాళ్లకూ, ఆడినవాళ్లకూ అతను క్షమాపణ చెప్పుకోవాలి." కింద నా పేరు. చదువుతుంటే ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

గ్రోత్ మేడమ్ అడిగారు. "మోకాలి అమ్మకం తీసేస్తే ఈ మూడు నెలలు కష్టమవుతుంది. తెలుసా?"

"తెలుసండీ. ఉంచితే మూడు నెలల తరవాత ఆడేవాళ్లుండరు."

ఆవిడ బాస్ వైపు చూశారు. బాస్ అన్నారు: "కూర్చోనివ్వండి ఆ పోస్ట్‌మాన్‌ని. పది నిమిషాలు. ఊరికే కూర్చోనివ్వండి."

అందరూ లేచారు. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. నా సంగతేమిటని అడగడానికి నోరు రాలేదు. అడగాలని గుర్తొచ్చింది. అడిగాను.

"పై శుక్రవారం ఇంకొంచెం గట్టిగా చదువు" అన్నారు బాస్. "వెనక కూర్చున్నవాళ్లకు వినపడలేదు."

మార్చి 24, సోమవారం

తుప్పుబెల్లు ఖాతా తీసేశాను. చంపడం అనను, వాడికి ఇక పనిలేదు.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి కొత్త అప్‌డేట్ వచ్చేసింది. పోస్ట్‌మాన్ కల్వర్టు మీద చెప్పులిప్పి కూర్చున్నాడు. ఆ చెప్పులు గ్రోత్ మేడమ్ పెట్టించారట. అత్తగారు కూడా స్టూలు మీద కాళ్లు చాపుకుని, వాణ్ణి చూస్తూ కూర్చున్నారు. ఇంత పని ఆవిడ వల్లే జరిగిందని నాకు గర్వంగా ఉంది. ఆ మాటే చెప్పి, ఇప్పుడెట్లా ఉందని అడిగాను.

"నీడ లేదు" అన్నారు. "మిట్టమధ్యాహ్నం కల్వర్టు కాలదూ? అయిదు చుక్కల్లో మూడుకు మించి ఇవ్వను. పెట్టినవాడెవడో జన్మలో బయట కూర్చుని ఉండడు, బుద్ధిలేని వెధవ. రాసుకోండి."

కల్వర్టు అక్కడ పెట్టింది మా బాస్, తొమ్మిదేళ్ల కింద, స్వయంగా.

రాసుకున్నాను. వెధవతో సహా.